18446744073709551615: చదరంగం గళ్ల సంఖ్యకు కారణాంకాలు చేతి లెక్కతో తీయొచ్చా?

#1 లెక్కల_పంతులు

అందరికీ నమస్కారం. పదో తరగతికి శ్రేఢుల పాఠం వచ్చినప్పుడల్లా చదరంగం కథ చెబుతుంటాను. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు, ఇలా రెట్టిస్తూ 64 గళ్లూ నింపితే మొత్తం 2^64 − 1 గింజలు. అంటే 18446744073709551615. మన పద్ధతిలో కామాలు పెడితే 1,84,46,74,40,73,70,95,51,615.

ఈసారి ఒక అమ్మాయి లేచి, "సర్, దీన్ని ఏయే సంఖ్యలు భాగిస్తాయి?" అని అడిగింది. చివర 5 ఉంది కాబట్టి 5 భాగిస్తుంది. అంకెల మొత్తం 87, కాబట్టి 3 భాగిస్తుంది, 9 భాగించదు. ఇక్కడిదాకా క్లాసు మొత్తం చెప్పేసింది. ఆ తర్వాత ఎలా? ఫోన్‌లో కొడితే జవాబు వచ్చేస్తుందని తెలుసు, నాకది వద్దు. పిల్లలు కాగితం మీద చేయగలగాలి, ఎందుకు అలా వచ్చిందో చెప్పగలగాలి. అలాంటి దారి ఉందా?

#2 కృష్ణాతీరం

ఉంది మాస్టారూ, చాలా అందమైన దారి. మీ పిల్లలకు ఇప్పటికే వచ్చిన వర్గాల భేదం సూత్రంతోనే మొదలవుతుంది.

2^64 − 1 = (2^32 − 1)(2^32 + 1)

ఎడమవైపు ముక్క మళ్లీ వర్గాల భేదమే. దాన్ని విడగొడితే (2^16 − 1)(2^16 + 1). ఇలా కిందికి దిగుతూ పోతే చివరికి ఎడమవైపు 2 − 1, అంటే 1 మిగులుతుంది. కుడివైపు ముక్కలన్నీ పోగుచేయండి:

3 × 5 × 17 × 257 × 65537 × 4294967297

ఇరవై అంకెల సంఖ్య ఆరు ముక్కలైంది. 64 అనేది 2 ఘాతం కావడం వల్లే ఇది సాధ్యమైంది. చదరంగం బల్లకు 63 గళ్లుంటే ఈ మెట్లు దొరికేవి కావు. మొదటి మూడూ ప్రధాన సంఖ్యలని చూడగానే తెలుస్తుంది. 257ను 13 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే సరిపోతుంది. అసలు కథంతా ఆఖరి ముక్కలో ఉంది. దాని దగ్గరికి మెల్లగా వద్దాం.

#3 పద్యప్రియ

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి. ఈ సంఖ్య తెలుగులో పద్యంగా ఉంది, మాస్టారు అది కూడా క్లాసులో చెప్పాలని నా కోరిక. మహావీరాచార్యుడు తొమ్మిదో శతాబ్దంలో సంస్కృతంలో రాసిన గణితసార సంగ్రహాన్ని తెలుగులోకి తెచ్చిన పావులూరి మల్లనదిగా ఆ పద్యాన్ని చెబుతారు. భూతసంఖ్యల్లో, అంటే అంకెలకు బదులు వాటిని సూచించే పేర్లు వాడే పద్ధతిలో ఉంటుంది. వరసగా ఆ మాటలు ఇవీ:

శర 5, శశి 1, షట్క 6, చంద్ర 1, శర 5, సాయక 5, రంధ్ర 9, వియత్ 0, నగ 7, అగ్ని 3, భూధర 7, గగన 0, అబ్ధి 4, వేద 4, గిరి 7, తర్క 6, పయోనిధి 4, పద్మజాస్య 4, కుంజర 8, తుహినాంశు 1.

భూతసంఖ్యలు ఒకట్ల స్థానం నుంచి మొదలవుతాయి కాబట్టి కుడి నుంచి ఎడమకు రాసుకుంటూ పోవాలి. రాసి చూడండి, ఇరవై అంకెలూ తప్పు లేకుండా వస్తాయి. మన్మథుడి బాణాలు అయిదు, దిగ్గజాలు ఎనిమిది, బ్రహ్మ ముఖాలు నాలుగు. ఇంత పెద్ద సంఖ్యను చంపకమాలలో గణాలు తప్పకుండా కూర్చడం మామూలు పని కాదు.

#4 ఇంటర్_ఎంపీసీ

సర్, ఒక డౌట్. రంధ్రం అంటే ఖాళీ కదా, సున్నా అనుకోవచ్చుగా? 9 అని ఎలా తెలుస్తుంది?

#5 పద్యప్రియ

శరీరానికి నవరంధ్రాలని చెబుతారు బాబూ, అందుకే 9. సున్నాకు వియత్తు, గగనం లాంటి ఆకాశం పేర్లు వాడతారు. పక్కనే వియత్తు ఉంది చూడు.

#6 కృష్ణాతీరం

సంప్రదాయం తెలియనివాడు కూడా ఇక్కడ 9 అని లెక్కతో తేల్చవచ్చు. తమ్ముడూ, నీ డౌట్ మంచి డౌట్. ఎందుకంటే మనం మామూలుగా చేసే 9 పరీక్ష ఈ తేడాను పట్టుకోలేదు. ఒక అంకె 9 అయినా 0 అయినా అంకెల మొత్తాన్ని 9తో భాగిస్తే వచ్చే శేషం మారదు కదా.

అందుకని 11 పరీక్ష చేద్దాం. పద్యం చెప్పిన వరసలోనే ఒకదాన్ని కూడుతూ, తర్వాతి దాన్ని తీసివేస్తూ వెళ్లు: 5 − 1 + 6 − 1 + 5 − 5 + 9 − 0 + 7 − 3 + 7 − 0 + 4 − 4 + 7 − 6 + 4 − 4 + 8 − 1. మొత్తం 37. దాన్ని 11తో భాగిస్తే శేషం 4.

ఇప్పుడు రెండో వైపు నుంచి రా. 2 ఘాతాలను 11తో భాగిస్తే వచ్చే శేషాలు పదేసి మెట్లకొకసారి మొదటికి వస్తాయి. 64లో పదులు తీసేస్తే 4 మిగులుతుంది. 2^4 అంటే 16, ఒకటి తీసేస్తే 15, శేషం 4. రెండూ కలిశాయి. రంధ్రాన్ని సున్నా చేస్తే మొత్తం 28 అయ్యి శేషం 6 వచ్చేది, కుదరదు.

మాస్టారూ, దీన్ని తప్పకుండా బోర్డు మీద చేయించండి. పక్కపక్కన ఉన్న రెండు వేర్వేరు అంకెలు తారుమారైనా 11 పరీక్ష పట్టేస్తుంది, 9 పరీక్ష పట్టదు.

#7 బిట్టుబైటు

ఇంత పెద్ద డిస్కషన్ ఎందుకో నాకు అర్థం కావట్లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్న ఎవరికైనా ఈ నంబర్ కంఠతా వచ్చు. 64 బిట్ల అన్‌సైన్డ్ (రుణ సంఖ్యలు లేని) ఇంటీజర్‌లో పట్టే గరిష్ఠ విలువ ఇది. 64 బిట్లూ ఒకట్లే. దీనికి ఒకటి కలిపితే మళ్లీ సున్నా. బైనరీలో 64 ఒకట్లు రాసుకున్నాక దశాంశంలో ఏ అంకెలొచ్చాయన్నది పది వేళ్ల అలవాటు తప్ప అందులో గణితం ఏముంది?

ఒక జాగ్రత్త మాత్రం చెబుతా. మాస్టారు దీన్ని ఎక్సెల్‌లో టైప్ చేస్తే 18446744073709500000 అయిపోతుంది. ఎక్సెల్ 15 అంకెల వరకే ఉంచుకుని మిగతావి సున్నాలు చేస్తుంది. జావాస్క్రిప్ట్‌లో మామూలు నంబర్‌గా రాస్తే 18446744073709552000 అని చూపిస్తుంది, ఎందుకంటే అక్కడ కచ్చితంగా నిలిచేది 53 బిట్లే. పైథాన్ వాడండి, అన్ని అంకెలూ ఉంటాయి.

#8 రైతుబిడ్డ

గింజల సంగతి ఎవరూ మాట్లాడలేదు. వెయ్యి బియ్యపు గింజలు 20 గ్రాములు తూగుతాయనుకుంటే ఈ మొత్తం సుమారు 36,900 కోట్ల టన్నులు. ప్రపంచం మొత్తం మీద ఇప్పుడు ఏడాదికి పండే బియ్యం 50 కోట్ల టన్నులకు కొంచెం పైన. అంటే దాదాపు 700 ఏళ్ల పంట. సన్నబియ్యం అయితే గింజ తేలిక, వెయ్యి గింజలకు 15 గ్రాములు వేసుకున్నా 500 ఏళ్లకు పైమాటే. పిల్లలకు ఇది చెబితే గుర్తుంటుంది మాస్టారూ.

#9 కృష్ణాతీరం

రైతుబిడ్డగారి లెక్క సరిగ్గా ఉంది.

బిట్టుబైటు గారూ, దశాంశ అంకెల గురించి మీరన్నది ఒప్పుకుంటాను. కారణాంకాలు అలా కాదు. బైనరీలో రాసినా, దశాంశంలో రాసినా, పద్యంలో రాసినా కారణాంకాలు మారవు. ఈ సంఖ్య గొప్పతనమంతా అక్కడే ఉంది. ఇప్పుడు ఆ ఆఖరి ముక్కకు వస్తాను.

3, 5, 17, 257, 65537. ఇవన్నీ 2 మీద 1, 2, 4, 8, 16 ఘాతాలు వేసి ఒకటి కలిపితే వచ్చినవి, వీటిని ఫెర్మా సంఖ్యలంటారు. అయిదూ ప్రధాన సంఖ్యలే. 1640లో పియెర్ ద ఫెర్మా తన ఉత్తరాల్లో, ఇదే వరసలో వచ్చే సంఖ్యలన్నీ ప్రధాన సంఖ్యలేనని తన నమ్మకం రాశాడు. తర్వాతిది 4294967297. దాదాపు తొంభై ఏళ్లు అది అలాగే ఉండిపోయింది. 1732లో ఆయిలర్ తేల్చాడు:

4294967297 = 641 × 6700417

అంటే చదరంగం సంఖ్యకు పూర్తి విభజన ఇది: 3 × 5 × 17 × 257 × 641 × 65537 × 6700417. ఏడు వేర్వేరు ప్రధాన సంఖ్యలు, ఏదీ రెండుసార్లు రాలేదు. కాబట్టి భాజకాల సంఖ్య 2^7, అంటే 128.

#10 ఇంటర్_ఎంపీసీ

641ని ఎలా పట్టుకున్నాడు సర్? 4294967297 వర్గమూలం 65536 దాకా పోతుంది. అక్కడిదాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించుకుంటూ పోవాలి కదా. ఇందాకే కోడ్ రాసి లెక్కపెట్టాను, అవే 6542 ఉన్నాయి.

#11 కృష్ణాతీరం

అన్నిటితో భాగించక్కర్లేదు. నెమ్మదిగా చదువు, ఇందులో కష్టమేమీ లేదు.

ఒక ప్రధాన సంఖ్య 2^32 + 1ని నిశ్శేషంగా భాగిస్తుందనుకో. దానితో 2, 4, 8, 16 అంటూ 2 ఘాతాలను భాగించి శేషాలు రాసుకుంటూ వెళ్లు. 32వ ఘాతం దగ్గర శేషం −1 వస్తుంది. వర్గం చేస్తే 64వ ఘాతం దగ్గర 1 వస్తుంది. ఒకసారి 1 వచ్చాక శేషాలు మళ్లీ మొదటి నుంచి తిరుగుతాయి. ఈ చక్రం పొడవు 64ను భాగించాలి, కానీ 32 కాదు, 32 కంటే చిన్నదీ కాదు, ఎందుకంటే అలా అయితే 32 దగ్గరే 1 వచ్చేసేది. కాబట్టి చక్రం పొడవు కచ్చితంగా 64.

ఇప్పుడు ఫెర్మా చిన్న సిద్ధాంతం. ఆ ప్రధాన సంఖ్య కంటే ఒకటి తక్కువైన ఘాతం దగ్గర శేషం 1 రావాలి. అంటే ప్రధాన సంఖ్యలోంచి ఒకటి తీసేస్తే మిగిలింది 64 గుణిజం. 64 గుణిజానికి ఒకటి కలిపిన ప్రధాన సంఖ్యలు వరసగా 193, 257, 449, 577, 641. అయిదో భాగహారానికే పని అయిపోయింది. ఫెర్మా నమ్మకాన్ని పడగొట్టింది ఫెర్మా సొంత సిద్ధాంతమే.

1878లో ఎడ్వర్డ్ ల్యూకా దీన్ని ఇంకా బిగించాడు. 64 కాదు, 128 గుణిజానికి ఒకటి కలపాలన్నాడు. అప్పుడు మిగిలేవి 257, 641, అంతే. 257 అంతకుముందు ఫెర్మా సంఖ్య. ఏ రెండు ఫెర్మా సంఖ్యలకూ ఉమ్మడి కారణాంకం ఉండదు, కాబట్టి 257నూ కొట్టేయొచ్చు. మొట్టమొదట ప్రయత్నించాల్సిందే 641.

#12 లెక్కల_పంతులు

అద్భుతం. కానీ 6700417 ప్రధాన సంఖ్య అని పిల్లలకు ఎలా చూపించను? దాని వర్గమూలం 2588 దాకా ఉంది.

#13 కృష్ణాతీరం

అదే నియమం ఇక్కడా పనిచేస్తుంది మాస్టారూ. 6700417ను భాగించే ప్రధాన సంఖ్య ఏదైనా 4294967297నూ భాగిస్తుంది. కాబట్టి 128 గుణిజానికి ఒకటి కలిపిన రూపంలోనే ఉండాలి. 2588 లోపల అలాంటి ప్రధాన సంఖ్యలు 257 పోను నాలుగే: 641, 769, 1153, 1409.

641తో భాగిస్తే భాగఫలం 10453, శేషం 44.
769తో భాగఫలం 8713, శేషం 120.
1153తో భాగఫలం 5811, శేషం 334.
1409తో భాగఫలం 4755, శేషం 622.

నాలుగు భాగహారాలు, ఏదీ నిశ్శేషం కాలేదు. కాబట్టి ప్రధాన సంఖ్యే. 65537కు ఇంకా తేలిక. అక్కడ 64 గుణిజానికి ఒకటి కలిపితే 256 లోపల 193 ఒక్కటే ప్రధాన సంఖ్య, శేషం 110 వస్తుంది. క్లాసులో ఒక్కో బెంచికి ఒక్కో భాగహారం ఇచ్చేయండి.

#14 లీలాగణితం

ఆడపిల్లల కాలేజీలో లెక్కలు చెబుతాను. మాస్టారూ, పదో తరగతికి శేషాల చక్రం బరువనిపిస్తే 641 నిజంగా భాగిస్తుందని ఇలా చూపించండి. భాగహారమే అక్కర్లేదు.

641 = 5 × 2^7 + 1. అదే 641 = 5^4 + 2^4, అంటే 625 + 16.

రెండోదాన్ని 2^28తో గుణించండి. 5^4 × 2^28 అంటే 640^4. 2^4 × 2^28 అంటే 2^32. కాబట్టి 640^4 + 2^32ను 641 నిశ్శేషంగా భాగిస్తుంది. ఇటు 640^4 − 1 = (640 − 1)(640 + 1)(640^2 + 1), ఇందులో 641 ఎదురుగానే ఉంది. మొదటిదాంట్లోంచి రెండోది తీసేయండి. మిగిలేది 2^32 + 1. దాన్నీ 641 భాగించి తీరాలి.

మా పిల్లలకు ఇది చెప్పిన రోజు క్లాసయ్యాక కూడా ఇద్దరు బోర్డు దగ్గరే ఉండిపోయారు. ఒక సంఖ్యను రెండు రకాలుగా రాయగలగడమే నిరూపణ మొత్తానికీ ఆధారం. ఇలాంటివి సిలబస్‌లో లేకపోవడం నాకు నిజంగా బాధగా ఉంటుంది.

#15 బిట్టుబైటు

ఇప్పుడు నా వైపు నుంచి ఒక పనికొచ్చే మాట. ఈ ఏడు ప్రధాన సంఖ్యలు మా పనిలో కూడా వాడతారు, రాండమ్ నంబర్ జనరేటర్లలో. జార్జ్ మార్సాగ్లియా 2003లో ప్రచురించిన ఎక్సార్‌షిఫ్ట్ పద్ధతిలో 64 బిట్ల స్థితి ఉంటుంది. ప్రతి అడుగులో ఆ బిట్లను పక్కకు జరిపి, ఎక్సార్ చేసి (రెండు బిట్లు వేర్వేరైతే 1, ఒకటే అయితే 0) కొత్త స్థితి తెస్తారు. అన్నీ సున్నాలైన స్థితి ఒక్కటి పోతే మిగిలేవి 2^64 − 1. అవన్నీ ఒక్కసారి చుట్టి వచ్చాకే మొదటి స్థితికి చేరాలి.

జరిపే అంకెలు సరిగ్గా ఎంచుకున్నామో లేదో ఎలా తెలుసుకోవాలి? అన్ని అడుగులూ వేసి చూడటం కుదరదు. సెకనుకు వంద కోట్ల అడుగులు వేసినా 584 ఏళ్లు పడుతుంది. దానికి బదులు మొత్తం అడుగుల తర్వాత మొదటికి వస్తుందని చూసి, ఆ సంఖ్యను 3తో, 5తో, 17తో, ఇలా ఏడు ప్రధాన సంఖ్యలతో విడివిడిగా భాగించి, ఆ ఏడు చోట్లా మొదటికి రాలేదని చూస్తే చాలు. పెద్ద ఘాతాలను వర్గాలు చేసుకుంటూ వెళ్లొచ్చు కాబట్టి కంప్యూటర్‌కు అది క్షణం పని. కారణాంకాలు తెలియకపోతే ఈ పరీక్షే లేదు. ఈ చర్చలో 641 గురించి చదివాక ఆ ఏడు సంఖ్యలు ఎక్కడినుంచి వచ్చాయో నాకు ఇవాళ పూర్తిగా అర్థమైంది. కృష్ణాతీరం గారికి, లీలగారికి థాంక్స్.

#16 పద్యప్రియ

ఇంత పెద్ద సంఖ్యను ఆ రోజుల్లో ఎలా కట్టి ఉంటారు? 64 సార్లు రెట్టించి అన్నీ కూడారా?

#17 లీలాగణితం

పద్యంలో ఫలితమే ఉంది, పద్ధతి లేదండి. కానీ 64 సార్లు రెట్టించే అవసరం లేదు. 2 వర్గం 4, దాని వర్గం 16, తర్వాత 256, 65536, 4294967296, 18446744073709551616. ఆరు వర్గాలతో అయిపోతుంది, చివర ఒకటి తీసేయడమే. దాదాపు 1000వ సంవత్సరం నాటి పండితుడు అల్ బిరూనీ చదరంగం లెక్కను వర్గాల మీదుగానే కట్టాడు. మన ఛందశ్శాస్త్రంలో పింగళుడు కూడా 2 ఘాతాన్ని సగాలు చేసుకుంటూ, వర్గాలతో కట్టే సూత్రం ఎప్పుడో ఇచ్చాడు. కాబట్టి మనవాళ్లకు ఆ దారి కొత్త కాదు.

పింగళుడి పేరు వచ్చింది కాబట్టి మేరు ప్రస్తారం (పాస్కల్ త్రిభుజం) కూడా చెప్పేస్తాను. మేరువులో ప్రతి వరసలోనూ బేసి సంఖ్య ఉన్నచోట 1, సరి సంఖ్య ఉన్నచోట 0 రాయండి. ఒక్కో వరసను బైనరీ సంఖ్యగా చదవండి. 1, 3, 5, 15, 17, 51, 85, 255, 257 అని వస్తాయి. ఇలా 64 వరసలు రాస్తే 64వ వరసలో అన్నీ ఒకట్లే, అదే మన చదరంగం సంఖ్య. మధ్యలో వచ్చే ప్రతి వరసా దానికి భాజకమే.

మొదటి 32 వరసల్లో ఇంకో విశేషం ఉంది. 1ని వదిలేస్తే మిగిలిన 31 సంఖ్యలూ, కొలబద్ద, వృత్తలేఖిని మాత్రమే వాడి గీయగలమని మనకు తెలిసిన బేసి భుజాల క్రమ బహుభుజులు. 1796లో గాస్ 17 భుజాలకు దారి చూపించాడు. బేసి భుజాల సంఖ్య వేర్వేరు ఫెర్మా ప్రధాన సంఖ్యల లబ్ధమైతేనే కుదురుతుందని 1837లో వాంట్జెల్ నిరూపణ పూర్తి చేశాడు. 33వ వరస 4294967297. అక్కడ 641 అడ్డుపడి ఆ వరస ఆగిపోయింది.

#18 ఇంటర్_ఎంపీసీ

మేడమ్, ఇప్పుడే నోట్‌బుక్‌లో పదహారు వరసలు రాశాను, 65535 వచ్చింది! సాపేక్ష ప్రధాన సంఖ్యల లెక్క కూడా చేశాను. 65535 కంటే చిన్నవి, దానితో ఉమ్మడి కారణాంకం లేనివి 2 × 4 × 16 × 256 = 32768. సరిగ్గా 65536లో సగం. 255కు 128, 15కు 8. ఇది ఎప్పుడూ ఇంతేనా?

#19 కృష్ణాతీరం

బాగా పట్టావు. 4294967295 వరకు ఇంతే, అక్కడ 2^31 వస్తుంది. చదరంగం సంఖ్య దగ్గర మాత్రం కుదరదు. ఫెర్మా అన్నట్టు 4294967297 ప్రధాన సంఖ్య అయ్యుంటే ఇక్కడా సరిగ్గా 2^63 వచ్చేది. అది 641గా, 6700417గా విడిపోవడం వల్ల సగం కంటే కొంచెం తక్కువ వస్తుంది, సుమారు 49.92 శాతం.

ఇంకొకటి, భాజకాలన్నీ కూడితే ఈ సంఖ్యకు సుమారు 1.703 రెట్లు వస్తుంది. రెండు రెట్లకు తక్కువ కాబట్టి ఇది లోపసంఖ్య.

#20 లెక్కల_పంతులు

రేపటి క్లాసుకు కావలసిందంతా దొరికింది. మొదట పద్యం, తర్వాత 11 పరీక్ష, ఆపైన వర్గాల భేదం, చివర లీలగారి 641 నిరూపణ. నాలుగు భాగహారాలు బెంచీలకు ఇస్తాను. ప్రశ్న అడిగిన అమ్మాయికి ఇంటిపనిగా ఏదైనా ఇవ్వాలి, సూచించండి.

#21 కృష్ణాతీరం

2^128 − 1 ఇవ్వండి. ఇప్పటికే ఉన్న ఏడింటికి 2^64 + 1 ఒక్కటి చేరుతుంది. దాన్ని 1880లో లాండ్రీ విడగొట్టాడు: 274177 × 67280421310721. విడగొట్టమని అడగొద్దు, జవాబు ఇచ్చేసి రెండు పనులు చెప్పండి. గుణించి సరిచూడాలి. 274177లోంచి ఒకటి తీసేస్తే 256 భాగిస్తుందో లేదో చూసి, ఎందుకు భాగించాలో రాయాలి. 641 దగ్గర 128 వచ్చింది కాబట్టి ఇక్కడ 256 ఎందుకో ఆ అమ్మాయి తనంతట తానే కనుక్కుంటుంది.